ఆ ముగ్గురి ఇళ్ళకు ఎవరు చెప్పారు?

ఖతార్‌లో దోహా నుంచి ఉత్తరాన మదీనత్ అల్ షమాల్ వెళ్ళే బస్సులో నా పక్క సీటాయన పేరు రాజన్న. జగిత్యాల వైపు మనిషి, మేస్త్రీ. నా పుస్తకం అట్ట మీది ఓడ బొమ్మ చూసి కథేంటని అడిగాడు.

చెప్పడమంటే నాకు సరదా. పందొమ్మిదో శతాబ్దపు అమెరికా నౌకాదళ అధికారి జీవితమని మొదలుపెట్టాను. చిన్నప్పుడే కొలువులో చేరాడు, పెద్దయ్యాక ఓడకు కెప్టెన్ అయ్యాడు. తిరుగుబాటు చేస్తారన్న అనుమానంతో తన మనుషులు ముగ్గురిని నడిసముద్రంలోనే ఉరి తీయించాడు. కోర్టు అతని తప్పేమీ లేదంది.

కోర్టు మీద మండిపడతాడనుకున్నాను.

"ఆ ముగ్గురి ఇండ్లల్ల ఎవరు చెప్పిండ్రు సార్?" అన్నాడు.

పుస్తకంలో ఆ సంగతి లేదు.

"మా లేబర్ క్యాంపుల ఎవరన్న పోతే, ఇంటికి గసొంటి ఫోన్లు నేనే చేస్త. సీదా పెండ్లానికి చెప్పద్దు. ముందుగాల పక్కింటోళ్ళకు చేసి, దవాఖానల ఉన్నడనాలె. చుట్టాలు జమైనంకనే అసలు ముచ్చట."

కూర వండే పద్ధతి చెబుతున్నట్టు చెప్పాడు. మాట మార్చాలని, షమాల్‌లో డ్యూటీనా అని అడిగాను.

"కాదు సార్. పొద్దుగాల మా రూంల ఒకాయన గుండె ఆగి పోయిండు. ఆయన తమ్ముడు షమాల్ల పనిచేస్తడు. వస్తున్ననని మాత్రమే ఫోన్ల చెప్పిన. ఈ దేశంలనే ఉన్నోళ్ళకు మనిషే పోయి చెప్పాలె."

ఇంతసేపూ నా ఓడ కథ విన్నది ఈ మనిషేనా? పుస్తకం మూసి సంచిలో పెట్టాను.

షమాల్‌లో బస్సు ఆగింది. స్టాప్‌లో నిలబడ్డ ఒకతను రాజన్నను చూసి నవ్వుతూ చెయ్యి ఊపాడు. దగ్గరకొచ్చి బస్సులోకి తొంగిచూశాడు.

"మా అన్న రాలేదా?"