తలుపు అంచున ఎరుపు

ఈ ఉదయం షెడ్డులో రంగులో కలిపే తిన్నరు డబ్బా మూత తీయగానే ఆ ఘాటు ముక్కుకెక్కి, పక్కనే అప్పన్న బాబాయి దగ్గినట్టనిపించింది. క్యారవాన్ చూడటానికి వచ్చిన కొత్త దంపతులు సరిగ్గా అప్పుడే అడిగారు, అన్నీ తెలుపేనా, వేరే రంగు లేదా అని. పనిలో చేరిన కొత్తలో ఇదే ప్రశ్నతో నేను ఆయన బుర్ర తినేశాను.

రంగూన్‌లో, చిమిండైంగ్ పేటలో, నదివైపు ఉన్న ఈ రేకుల షెడ్డు ఆయనదే. వాళ్ళ తాత విశాఖ వైపు నుంచి రంగూన్ రేవులో మూటలు మోయడానికి వచ్చినవాడు. మనవడు పాత చిన్న లారీల మీద గదులు కట్టి, లోపల మంచం, పొయ్యి, బల్ల అమర్చి, సినిమా షూటింగులకూ పగోడాలు తిరిగే కుటుంబాలకూ అద్దెకిచ్చేవాడు. ఊరందరికీ, బర్మావాళ్ళు పెద్దవాళ్ళని పిలిచే మర్యాదతో, ఊ అప్పన్న. మా నాన్నతో కలిసి పెరిగాడు కాబట్టి నాకు బాబాయి. పరదాలు, పరుపులు, అద్దె మాటలు చూసుకోవడానికి నన్ను పెట్టుకున్నాడు. నాకేమో రంగుల పిచ్చి. ఒక క్యారవాన్‌కి చిలకపచ్చ, ఒకదానికి నెమలికంఠం వెయ్యాలని రోజూ పోరేదాన్ని.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు పక్కవాళ్ళ నల్ల లారీ మీద, తరవాత మా తెల్ల బండి మీద పెట్టించాడు. లారీ మీద చెయ్యి చురుక్కుమంది.

"మొహానికి తనకా చెక్క అరగదీసి ఎందుకు రాసుకున్నావే, లచ్చిమీ?"

"చల్లగా ఉంటుందని."

"బండికి ఉడుకు పుట్టదేటి మరి? మా సింహాచలం అప్పన్నని సూడు. ఏడాదంతా గందం పూసుకునే ఉంటాడు. నిజరూపం ఒక్క రోజే."

సింహాచలం ఆయన ఎన్నడూ చూడలేదు. తాత చెప్పగా విన్నదే. అయినా మెట్లెక్కి దిగి వచ్చినవాడిలా చెప్పేవాడు.

ఇంకోసారి బజారులో సైకిలు రిక్షా ఒకటి మా బండిని గీసుకుంటూ పోయింది. ఆ గీత మీద ఆయన కాస్త తెలుపు పూశాడు. సాయంత్రానికి దెబ్బ ఎక్కడ తగిలిందో నాకే దొరకలేదు. "నీ సిలకపచ్చయితే ఎండకి ఎలిసిపోద్ది, అతుకు మాత్రం కొత్తగా మెరుస్తాది. ఊరంతా అడుగుతాది, ఏటైనాదని," అన్నాడు. నేను ఊరుకునే రకాన్ని కాదు. మీకు రంగులంటే భయం, అందుకే ఈ సాకులన్నీ అన్నాను. ఆయనకి కోపం రాలేదు. "రంగేస్తే అది మన బండి. తెల్లగుంటే ఎక్కినోడి బండి. ఇయాల పెళ్ళికూతురు ఎక్కుద్ది, రేపు బిచ్చువులు ఎక్కుతారు. రేపు ఎవుడికి ఏటి కావాలో మనకేటి తెల్సు?" అని తన పనిలో పడ్డాడు.

కానీ ఆ వారమే ఎర్రరంగు డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టాడు. కొత్తగా కట్టిన బండికి నాకిష్టమైనట్టు వేసుకోమన్నాడు. మనసారా కుంకుమ రంగు వేశాను. దాన్ని ఎవరూ అద్దెకి తీసుకోలేదు. సినిమావాళ్ళు కెమెరాలో కొట్టొచ్చినట్టు కనబడుతుందన్నారు, యాత్రలవాళ్ళు ఫైరింజనులా ఉందన్నారు. బాబాయి మాత్రం దాన్నే గేటు దగ్గర నిలబెట్టి, వచ్చినవాళ్ళందరికీ "మా అమ్మడి బండి" అని చూపించేవాడు. ఆ మాటకి నేనెంత పొంగిపోయేదాన్నో.

ఆ తరవాత సైన్యం గద్దెనెక్కింది, వీధులు తిరగబడ్డాయి. సాయంత్రాలు ఇంటింటా నిరసనగా గిన్నెలు మోగేవి. ఎరుపు తిరుగుబాటు రంగయింది. ఎర్ర రిబ్బను కట్టుకుంటే చాలు, పట్టుకుపోయేవారు. బాబాయి ఆ బండిని వెనక్కి నెట్టి టార్పాలిన్ కప్పేశాడు. ఆ వెంటనే ఊపిరాడనివ్వని అంటుజబ్బు ఊరి మీద వచ్చిపడింది. ఆస్పత్రుల్లో చోటు లేదు. ఒక్క గదిలో పదిమంది ఉండే ఇళ్ళల్లో రోగిని విడిగా ఎక్కడ ఉంచుతారు? ఆయన తన తెల్ల బండ్లని ఒక్కొక్కటిగా తీసుకెళ్ళి ఆ వీధుల్లో నిలబెట్టాడు. ఒక్కో బండి ఒక్కో రోగికి గది అయింది.

ఊరికి అటువైపు తామ్వే పేటలో మా ఇల్లు రెండు గదులు. వదిన నిండు గర్భిణి. అమ్మకి జ్వరం, ఆయాసం మొదలైన రోజున, ఎవరికీ చెప్పకుండా చాప తీసుకుని పోయి మెట్ల మీద పడుకుంది. నేను వెళితే, దగ్గరికి రావొద్దని చెయ్యి ఊపింది. పరుగున షెడ్డుకి వచ్చాను. ఎర్రది తప్ప ఇంకో బండి లేదు.

బాబాయి టార్పాలిన్ లాగేశాడు. కరెంటు లేక స్ప్రే మిషను ఆడదు. ఇద్దరం కుంచెలు పట్టుకున్నాం. ఎరుపు మీద తెలుపు ఒక్క పూతకి లొంగదు. బండి మొత్తం గులాబీ రంగుకి తిరిగింది. అంత ఏడుపులోనూ నాకు నవ్వొచ్చింది. రెండో పూత వేస్తూ తలుపు అంచు దాకా వచ్చాను.

"ఆ మందం మీద ఎయ్యకు, అమ్మడూ. మూసేక ఎవుడు సూస్తాడు?"

రంగు సరిపోదేమో అనుకుని వదిలేశాను.

తడి ఆరకముందే బయల్దేరాం. దారిలో చౌక్తడా దగ్గర సైనికులు ఆపారు. కుర్ర సైనికుడొకడు బండి చుట్టూ తిరిగి, పక్కన చెయ్యి ఆనించాడు. అరచెయ్యి తెల్లగా అయింది. వాడు గోటితో గీకితే లోపల ఎరుపు బయటపడుతుంది.

బాబాయి కిటికీలోంచి తల బయటపెట్టి బర్మాభాషలో మెల్లగా అన్నాడు: "రోగుల బండి, బాబూ. అందుకే కొత్తగా పూశాం. చెయ్యి కడుక్కో."

వాడు నిప్పు తాకినట్టు చెయ్యి వెనక్కి లాక్కుని పొమ్మన్నాడు.

అమ్మ ఆ బండిలో ఉండే కోలుకుంది. వదినకి పాప పుట్టింది, ఇంట్లో ఇంకెవరికీ జబ్బు సోకలేదు. అమ్మ దిగిన రోజే అందులోకి ఇంకో ముసలాయన్ని ఎక్కించారు. ఆ వారంలోనే బాబాయి జబ్బున పడ్డాడు. నేను బండ్ల కోసం ఊరంతా తిరిగాను. ప్రతిదానిలోనూ ఎవరో ఒకరున్నారు. ఆ మాట చెబితే గుమ్మం అవతలనుంచి, "ఉండనీ. దింపకు," అన్నాడు. ఆయనకి బండి దొరకలేదు. ఆ గదిలోనే పోయాడు.

షెడ్డు ఇప్పుడు నేనే నడుపుతున్నాను. బండ్లన్నీ తెలుపే. కొత్త దంపతులకి ఎండ సంగతి, అతుకు సంగతి చెప్పాను, ఒప్పుకున్నారు. లోపల చూద్దామని తలుపు తీసి, ఆ పిల్ల ఆగిపోయింది. తలుపు మందం మీద, మూస్తే కనబడని చోట, పైనుంచి కిందదాకా ఎర్ర గీత. నేను కట్టే ప్రతి బండికీ అది వేస్తాను.

ఎందుకని అడిగింది. అమ్మ చెప్పిన మాటే చెప్పాను. లోపల ఒంటరిగా పడుకుని, పగలో రాత్రో తెలియని రోజుల్లో, గంజి తెచ్చి ఎవరైనా తలుపు తీస్తే అమ్మకి ముందు కనిపించింది మనిషి కాదట, ఆ ఎరుపు. "అది కనబడగానే మనోళ్ళొచ్చారని తెలిసేదే," అంది అమ్మ.