ముక్కు మూసుకునే కళ్ళజోళ్ళాయన

కళ్ళజోళ్ళ దుకాణం నడిపే కళ్ళజోళ్ళాయనకి ఒక్కటే జబ్బు. ఎక్కడున్నా, ఏం చేస్తున్నా, ఉన్నట్టుండి ఆగిపోతాడు. చుట్టూ ఒకసారి అనుమానంగా చూస్తాడు. రెండు వేళ్ళతో ముక్కు గట్టిగా మూసుకుని, నోరు బిగించి, ఆ మూసిన ముక్కుతోనే గాలి పీల్చబోతాడు. గాలి ఎందుకొస్తుంది? రాదు. మొహం ఎర్రబడ్డాక చెయ్యి తీసేసి, "కల కాదు, నిజమే" అని తనలో తాను చెప్పుకుని వదిలేసిన పని మళ్ళీ మొదలుపెడతాడు. అక్కడితో ఊరుకుంటే ఆయన ముక్కు ఆయనిష్టం అనుకోవచ్చు. ఊరుకోడు. ఎదురుగా ఎవరుంటే వాళ్ళని పట్టుకుని, "మీరూ ఒకసారి చూసుకోండి, తప్పేముంది?" అంటాడు.

దీని వెనక ఓ సిద్ధాంతం కూడా ఉంది. పగలు మనకి ఏది అలవాటైతే కలలోనూ అదే చేస్తామట. పగలంతా "ఇది కలా, నిజమా" అని తనని తాను అడిగేవాడు కలలోనూ అడుగుతాడట. కలలో ముక్కు మూసుకున్నా గాలి హాయిగా ఆడుతుందట. ఆడిందా, ఇది కలేనని తెలిసిపోతుంది. తెలిసిందా, ఇక ఆ కలకి యజమానివి నువ్వే. వినడానికి బాగానే ఉంది. అలాంటి మనిషితో కాపురం చెయ్యడమే కష్టం.

ఆ కష్టం ఆయన భార్యది. ఆవిడ బడి పిల్లల వ్యాను నడుపుతుంది. పిల్లలూ, పిల్లల తల్లులూ, చివరికి పెట్రోలు బంకువాళ్ళూ అందరూ వ్యానత్త అనే పిలుస్తారు. మొగుడి మీద ఎవరికి కోపమొచ్చినా ఫిర్యాదు మాత్రం ఆవిడకే వస్తుంది. దుకాణంలో ఆయన్ని ఏమైనా అంటే ఆయన నవ్వుతాడు, పైగా ముక్కు మూసుకోమంటాడు. ఆవిడైతే కనీసం కుర్చీ వేసి వింటుంది.

ఓసారి రిటైరైన హెడ్మాస్టారొకాయన చదువుకునే కళ్ళజోడు కోసం దుకాణానికి వెళ్ళాడు. గోడమీద అక్షరాల బోర్డుంటుంది కదా, అది చదవమన్నాడు ఈయన. ఆయన చదివాడు.

"ఇప్పుడు తల పక్కకి తిప్పండి. ఆఁ. మళ్ళీ బోర్డు చూడండి. అక్షరాలు ఏమైనా మారాయా?"

"మారడమేమిటయ్యా?"

"కలలో అయితే మారిపోతాయండి. ఒకసారి చూసినట్టు రెండోసారి ఉండవు."

"నేనొచ్చింది కళ్ళజోడు కోసం!"

"అందుకే అడుగుతున్నానండీ. కలలో కొనుక్కుంటే లేచాక ఉండదు కదా."

పెద్దాయన సరాసరి వ్యానత్త ఇంటికొచ్చాడు. "అమ్మా, నీ మొగుడు నాకు చూపు పోయిందంటాడా, మతి పోయిందంటాడా? ఏదో ఒకటి తేల్చి చెప్పమను. ఆ బోర్డు అటూ ఇటూ చూసీ చూసీ నాకు నిజంగానే అక్షరాలు మారినట్టు అనిపిస్తోంది!" అన్నాడు. ఆవిడ ఆయనకి మంచినీళ్ళిచ్చి, మొగుడి తరఫున దణ్ణం పెట్టి పంపింది. అలా దణ్ణాలు పెట్టీ పెట్టీ ఆవిడకి చేతులు పడిపోతున్నాయి.

ఇంట్లోనైతే ఇక చెప్పనక్కర్లేదు. లైటు స్విచ్చి వేస్తాడు, తీస్తాడు, వేస్తాడు. కలలో స్విచ్చిలు మాట వినవట. అలా వేసీ తీసీ వంటింటి బల్బు మాడ్చేశాడు. అన్నం ముందు కూర్చుని చేతి వేళ్ళు లెక్కపెట్టుకుంటాడు. ఓ రోజు ఆవిడ కూర గిన్నె పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంటే చాలా గంభీరంగా అడిగాడు.

"నువ్విక్కడికి ఎలా వచ్చావు?"

"ఎలా రావడమేమిటండీ?"

"కలలో మనం ఎక్కడో ఉంటాం గానీ అక్కడికి ఎలా వచ్చామో గుర్తుండదు. అందుకని అడుగుతూ ఉండాలి. చెప్పు, ఎలా వచ్చావు?"

"పెళ్ళి చేసుకుని వచ్చాను. నా ఖర్మ కాలి వచ్చాను. బాగా గుర్తుంది!"

"అయితే నిజమే" అని ఆయన తృప్తిగా అన్నం కలుపుకున్నాడు.

అన్నిటికన్నా ఘోరం ఎదురింట్లో జరిగింది. ఎదురింటి ప్లంబరు వాళ్ళ నాన్న పోయాడు. నిండుగా బతికి పోయిన ముసలాయన. వీధి వీధంతా వెళ్ళి నిలబడింది. ప్లంబరు తండ్రి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే కళ్ళజోళ్ళాయన ముందుకొచ్చి, శవాన్ని ఒకసారి చూసి, చుట్టూ చూసి, అందరి ముందూ ముక్కు మూసుకున్నాడు. ఏడుపులు టక్కున ఆగిపోయాయి. వ్యానత్తకి భూమి చీలితే అందులో దూరిపోదామనిపించింది. కలో నిజమో చూసుకున్నాడని ఎవరికి చెబుతుంది? చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు? ఆ రోజు నుంచి ప్లంబరు వీళ్ళ గడప తొక్కలేదు. వంటింట్లో కుళాయి కారుతూనే ఉంది. ఆ చప్పుడు వింటూ ఆవిడ పడుకునేది కాదు, మేలుకునే ఉండేది.

మేలుకుని ఉండటానికి అసలు కారణం కుళాయి కాదు. ఆవిడకి నిద్రంటే భయం.

తొలివాన పడ్డ రోజున, కాలవ వంతెన మలుపులో వ్యాను జారింది. బ్రేకు తొక్కితే ఆగలేదు. గట్టు రాయికి కొట్టుకుని ముందు చక్రం కాలవ మీదికి వేలాడుతూ ఆగింది. పిల్లల్లో ఎవరికీ గోరు కూడా చిట్లలేదు. పైగా వాళ్ళు "అత్తా, మళ్ళీ! అత్తా, మళ్ళీ!" అని చప్పట్లు కొట్టారు. ఆవిడ నవ్వి, అందరినీ దింపి, ఇంటికొచ్చి తలుపేసుకుని వణికిపోయింది. ఆనాటి నుంచి కన్ను మూస్తే చాలు అదే వాన, అదే మలుపు. కాలికింద బ్రేకు మెత్తగా లోపలికి దిగిపోతుంది. వెనక పిల్లలు చప్పట్లు కొడుతుంటారు. దిగండర్రా అని అరవబోతే గొంతు పెగలదు. అద్దం మీదికి నీళ్ళు వస్తాయి. కెవ్వుమని లేచి కూర్చుంటుంది. డాక్టరు మాత్రలిచ్చాడు. మాత్రలతో నిద్ర పట్టింది గానీ కల మాత్రం పోలేదు. పైగా చప్పున మెలకువ రాక అందులోనే ఎక్కువసేపు ఉండాల్సివచ్చింది.

నిద్రలేని కళ్ళతో పిల్లల వ్యాను ఎలా నడుపుతుంది? ఎర్రలైటు దగ్గర ఓసారి రెప్ప వాలింది. హారన్లకి ఉలిక్కిపడి చూస్తే వెనక సీట్లలో బుల్లి బుల్లి తలకాయలన్నీ తనని నమ్మి కూర్చుని ఉన్నాయి. ఆ పూటే తేల్చుకుంది. శనివారం తాళాలు ఇచ్చేస్తానని బడివాళ్ళకి చెప్పేసింది. స్టీరింగు పట్టుకుంటేనే తాను మనిషినని అనుకునే ఆవిడకి అది చేతులు నరుక్కోవడంతో సమానం. కానీ పిల్లల ప్రాణాల కంటే ఎక్కువేముంది?

శుక్రవారం మధ్యాహ్నం భోజనానికొచ్చిన మొగుడికి ఆ సంగతి చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. ఇన్నాళ్ళూ ఆయన ముందు ఏడవలేదు. ఓదారుస్తాడని ఏ మూలో చిన్న ఆశ.

కళ్ళజోళ్ళాయన ముద్ద దించాడు. ఆవిడని చూశాడు. చుట్టూ చూశాడు. ఎడమ చేత్తో ముక్కు మూసుకున్నాడు.

"ఏమండీ, నేను ఏడుస్తున్నాను. కనబడుతోందా?"

"కనబడుతోంది. నువ్వూ ఒకసారి ముక్కు..."

"నా బతుకు బుగ్గైపోతోందని చెబితే ముక్కా! మీకో దణ్ణం, మీ ముక్కుకో దణ్ణం!" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

వెళ్ళింది వాళ్ళ వదిన దగ్గరికే. అంటే కళ్ళజోళ్ళాయన అక్కగారు. నాలుగు వీధులవతల ఉంటుంది. ఆవిడ మరదలి ఏడుపంతా విని, చెంగుతో మొహం తుడిచి, "వాడంతేనమ్మా" అంది. "కానీ నాకు తెలియక అడుగుతాను, వాడికి కలల గొడవ ఎందుకు? చిన్నప్పుడు పొద్దున్నే లేచి పిల్లలందరం ఎవరి కల వాళ్ళం చెప్పుకుంటుంటే వీడు బిక్కమొహం వేసుకుని కూర్చునేవాడు. మొద్దు నిద్ర. వాడికి జన్మలో ఒక్క కల రాలేదు."

వ్యానత్తకి ఆ మాట తలకెక్కలేదు. ఏడ్చి ఏడ్చి అలసిపోయింది. సాయంత్రం పిల్లల్ని దింపాలి, కాసేపు నడుం వాలుస్తానని ముందుగదిలో ఫ్యాను కింద పడుకుంది.

పడుకోగానే వాన. వంతెన. మలుపు. బ్రేకు మెత్తగా దిగిపోయింది. వెనక చప్పట్లు. ఇక అయిపోయిందనుకుంది. అంతలో వంతెన మీద, వ్యానుకి సరిగ్గా ఎదురుగా, నిలువునా తడిసి ముద్దవుతూ కళ్ళజోళ్ళాయన నిలబడి ఉన్నాడు. ముక్కు మూసుకుని.

ఆవిడకి భయం పోయి ఒళ్ళు మండిపోయింది. "ఇక్కడ కూడానా! తప్పుకోండి! చచ్చిపోతారు!" అని అరిచింది. ఎన్నడూ పెగలని గొంతు ఆ కోపానికి పెగిలింది. ఆయన కదలడే! నువ్వూ చూడు అన్నట్టు తలూపాడు. "సరే, ఇదిగో, మూసుకున్నాను, చాలా?" అని స్టీరింగు వదిలేసి ముక్కు మూసుకుంది.

గాలి హాయిగా లోపలికి వెళ్ళింది.

మళ్ళీ పీల్చింది. మళ్ళీ వెళ్ళింది. "ఓసి దీని దుంపతెగ, ఇది కల!" అంది పైకే. ఇన్నాళ్ళూ తనని తొక్కి చంపింది ఉత్త కల. దీనికి యజమాని తానే. వ్యానుని ఆపాలని కూడా అనిపించలేదు. కాలవలోకే పోనిచ్చింది. వ్యాను నీళ్ళ మీద పడవలా తేలుతూ వెళ్ళింది. పిల్లలు "అత్తా, మళ్ళీ!" అంటుంటే వెనక్కి తిప్పి ఇంకో చుట్టు తిప్పింది.

పగలబడి నవ్వుతూ లేచిన మరదల్ని చూసి వదినగారు గుండెలు బాదుకుంది. "ఓరి దేవుడో, దీనికీ అంటుకుంది!"

సాయంత్రం పిల్లల్ని దింపేసి వ్యానుతో సహా దుకాణం ముందు ఆగింది. లోపలికెళ్ళి మొగుణ్ణి నిలదీసింది.

"మీకెప్పుడైనా కలొచ్చిందా?"

"నాకు కలలెక్కడివి?" అన్నాడు అద్దం తుడుస్తూ.

"మరి ఈ ముక్కు గోలంతా ఎవరికోసం?"

ఆయన దొరికిపోయిన దొంగలా నిలబడ్డాడు. "నీకు ఆ కల మొదలైన కొత్తలోనే చెప్పి చూశాను కదా, ఇది కలేనని గుర్తుపెట్టుకుని పడుకో అని. 'నడిపేది మీరా నేనా' అని కసిరావు. నేను మంచిగా చెబితే నువ్వెప్పుడు విన్నావు గనక? కోపమొస్తే మాత్రం వారం రోజులు మరిచిపోవు. అందుకని అప్పట్నుంచీ ఇలా ముక్కు మూసుకుంటూ నీకు కోపం తెప్పిద్దామనుకున్నాను. పగలంతా నా ముక్కు మీద మండిపడుతుంటే నిద్రలో కూడా అదే గుర్తొస్తుందని."

"నన్ను వేపుకు తింటే సరిపోదూ? ఊరందరి మీదా ఎందుకు పడ్డారు?"

"వాళ్ళంతా వచ్చి నీకేగా చెబుతారు? ఒక్కో ఫిర్యాదూ నీకు ఒక్కో డోసు."

ఆవిడకి నవ్వాలో, కొట్టాలో తెలియలేదు. వీధంతా పిచ్చివాడని నవ్వుతుంటే ఈయన నవ్వించుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగితే అద్దాల బీరువా వైపు తిరిగి తుడుచుకుంది.

"మరి శవం దగ్గర?" అంది కాస్త తేరుకుని.

"అక్కడ..." అని తల గోక్కున్నాడు. "అక్కడ అలవాటు కొద్దీ జరిగిపోయిందే."

అప్పుడు కల సంగతి చెప్పింది. విని ఆయన చేతిలో అద్దం కిందపెట్టేశాడు. "నేను వచ్చానా? నీ కలలోకి నేను వచ్చానా?" అన్నాడు. జన్మలో ఒక్క కల చూడని మనిషి, ఏకంగా ఒక కలలో వేషం కట్టాడు. దుకాణం పెందలాడే మూసేసి, వ్యాను ముందు సీటులో కూర్చుని, దారి పొడుగునా అదే అడిగాడు. అన్నాలు తింటూ అడిగాడు. గిన్నెలు కడుగుతుంటే పక్కన నిలబడి అడిగాడు.

"నేను ఏ చొక్కా వేసుకున్నాను?"

"గుర్తులేదు. తడిసిపోయారు."

"తడిసినవాణ్ణి అలాగే వదిలేశావా?"

"వ్యాను ఎక్కించుకున్నానులెండి. వెనక పిల్లల మధ్య కూర్చున్నారు."

"వెనకా? ముందు సీటు ఖాళీయేగా? సరే గానీ, మళ్ళీ మొదటినుంచి చెప్పు. వాన పడుతోంది, అప్పుడు?"

"అప్పుడూ లేదు ఇప్పుడూ లేదు. రేపు పొద్దున్నే బడికెళ్ళి తాళాలు నా దగ్గరే ఉంటాయని చెప్పాలి. పొద్దుటి ట్రిప్పు తియ్యాలి" అంది వ్యానత్త దిండు సర్దుకుంటూ. "ఇక లైటు తీసి నన్ను పడుకోనివ్వండి."