స్పేర్ కారు నడిపిన మా బావ

మా అక్క మొగుడు దేశాధ్యక్షుడి కారు డ్రైవరు. మా వీధిలో ఎవరినడిగినా ఈ మాట చెబుతారు. నేను వాళ్లకు అంత బాగా చెప్పి ఉంచాను. బడి మధ్యలో మానేశానే గానీ, ఒక మాట ఊరంతటి నోటా పలికించాలంటే నా తరవాతే ఎవరైనా.

అయితే అధ్యక్షుడికి కార్లు రెండు. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. నల్లటివి, ముందు చిన్న జెండా, వెనక నల్లద్దాలు. అధ్యక్షుడు ఎక్కేది మొదటిది. మా బావ నడిపేది రెండోది. మొదటిది దారిలో మొరాయిస్తే ఎక్కడానికని దాని వెనకాలే ఖాళీగా తిరిగే స్పేర్ కారు.

మొదటిది ఏనాడూ మొరాయించలేదు. అదీ మా బావ జీవితం.

ఆ కారు గురించి కొంచెం చెప్పాలి. అద్దాలు ఎంత మందమంటే, బయట వాన మొదలైతే లోపలున్నవాళ్లకు మర్నాడు తెలిసేది. తలుపు ఎంత బరువంటే, రోజూ దాన్ని లాగి లాగి, తలుపు తీసిపెట్టే ఉద్యోగికి కుడిచెయ్యి మూరెడు పొడుగు సాగింది. నేనిలా చెబుతుంటే బావ విసుక్కునేవాడు. "మూరెడెందుకురా, బెత్తెడు. అంతకన్నా సాగలేదు." ఆయన అబద్ధం ఆడలేడు. ఆ జబ్బే ఆయన్ని ఇంతకు తెచ్చింది.

బయటి దేశం నుంచి ఎవరైనా అధినేత వస్తున్నాడంటే గ్యారేజీలో హడావుడి మొదలు. విమానాశ్రయంలో స్వాగతం, అతిథి గృహం, చర్చలు, విందు, వీడ్కోలు. అన్నిటికీ రెండు కార్లూ వెళ్లాల్సిందే. బావ తెల్లారకముందే లేచి, ఎవరూ కూర్చోని వెనక సీటుకు బ్రష్షు పట్టేవాడు. ఎవరూ తాగని మంచినీళ్ల సీసాలు మార్చేవాడు. ఎవరూ తుడుచుకోని కాగితపు రుమాళ్ల పెట్టె సర్ది, ముందు సీట్లకూ వెనక సీటుకూ మధ్యనున్న తెర లాగి, ఏసీ వేసేవాడు.

"ఎవరికి బావా ఆ ఏసీ?"

"రూలురా."

గడువు దాటిన సీసాలు ఇంటికి తెచ్చేవాడు. మా వీధి నీళ్ల గొట్టం పగిలి కుళాయి రాని రోజుల్లో, దేశాధినేతలు తాగాల్సిన నీళ్లతో మా అక్క అంట్లు తోమేది. ఇది మాత్రం నేను పెంచి చెబుతున్నది కాదు.

లోపల పెద్దలు చర్చల్లో ఉంటే బయట డ్రైవర్లంతా కార్ల పక్కన నిలబడేవాళ్లు. మొదటి కారు డ్రైవర్ని మీసాలాయన అనేవాళ్లం. ఆ మీసాలకు కూడా ఒక కారు కేటాయించొచ్చు. ఆయనకు బావని గిల్లనిదే పొద్దుపోదు.

"ఇవాళ ఇద్దరు నేతలూ దారి పొడుగునా నవ్వుకున్నారు. నీ కారులో ఎవరైనా నవ్వారా?"

బావ వంగి టైరు చూసుకునేవాడు.

"పోనీ తుమ్మారా?"

టైరులో చూడ్డానికి ఏముంటుంది? అయినా చూసేవాడు.

ఇంటికొస్తే ఇంకో బాధ. పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే కాచుకుని ఉండేది. "నాయనా, గొట్టం సంగతి ఆయన చెవిన వేశావా? ఏడాదిగా నీళ్లు వీధి కాలవ పాలవుతున్నాయి." బావ తలూపి లోపలికొచ్చి, మా అక్క మీద ఎగిరేవాడు.

"చెవిన వెయ్యాలంటే ఆ చెవి నా కారులో ఉండాలి కదా. ఏమని చెప్పావు వాళ్లకి?"

"అధ్యక్షుడి కారు నడుపుతారని చెప్పాను. అబద్ధమా?"

"అబద్ధం కాదు. నిజమూ కాదు. ఏదో ఒకటైతే హాయిగా ఉండేవాణ్ణి."

రిటైర్మెంటు నెల వచ్చింది. ఒకరోజు నా సైకిళ్ల షాపులో కూర్చుని, నేను ట్యూబుకు మాటు వేస్తుంటే ఉన్నట్టుండి అన్నాడు. "అధ్యక్షుడు ఒక్కసారి నా కారెక్కితే చాలురా. ఈ మూల నుంచి ఆ మూలకైనా సరే. తరవాత ఆయన్ని నేను మోశానని తలెత్తుకుని చెప్పగలను. లేకపోతే జన్మంతా గాలికి డ్రైవరుద్యోగం చేసినవాణ్ణవుతాను."

"మొదటి కారు పెట్రోలు ట్యాంకులో పిడికెడు చక్కెర పోసి రానా బావా?"

"ఛీ, నోర్ముయ్," అన్నాడు. అని, వెంటనే మళ్లీ నోరు తెరిచాడు. "చక్కెర పోస్తే నిజంగా ఆగుతుందా?"

చక్కెర అవసరం పడలేదు. ఆ నెలలోనే పొరుగు దేశాధ్యక్షుడొచ్చాడు. రెండు దేశాల మధ్య నది మీద వంతెన కట్టాలా వద్దా అన్నది ఎప్పట్నుంచో తెగని పేచీ. మేం పిల్లలుగా ఉన్నప్పుడే ఆ వంతెన పాతబడిపోయింది, కట్టకుండానే. ఈసారి మాటలు కుదిరాయి. మన స్నేహం లోకానికి కనపడాలి, చర్చలయ్యాక ఇద్దరం ఒకే కారులో అతిథి గృహానికి భోజనానికి వెళదామనుకున్నారు.

చర్చల భవనం మెట్ల ముందు మీసాలాయన కారు నిలబెట్టాడు. అధ్యక్షులిద్దరూ కెమెరాలకు నవ్వుతూ మెట్లు దిగుతున్నారు. చెయ్యి సాగిన ఉద్యోగి తలుపు పట్టుకుని లాగాడు. రాలేదు. మళ్లీ లాగాడు. కరెంటు తాళం బిగుసుకుపోయింది. మీసాలాయన లోపల నుంచి ఏదేదో నొక్కితే లైట్లు వెలిగాయి, హారను మోగింది, తలుపు మాత్రం రాలేదు. భద్రతాధికారి రెండో కారు వైపు చెయ్యి ఊపాడు.

 మొదటి కారును పక్కకు నెట్టారు. బావ మెత్తగా ముందుకొచ్చి, ఎర్ర తివాచీ అంచుకు తలుపు సరిగ్గా ఎదురయ్యేలా ఆపాడు. రూలు ప్రకారం ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ప్రముఖులు ఎక్కేటప్పుడు వైర్‌లెస్ గొంతు తగ్గించాలన్నది ఇంకో రూలు. ఉద్యోగంలో మొదటిసారి దాన్ని తగ్గించాడు. తెర వెనక తలుపు తెరుచుకుని వేడిగాలి వచ్చింది. తరవాత దభీమని తలుపు పడింది. ముందున్న పైలట్ జీపు కదిలింది. బావ కదిలాడు.

మెట్ల దగ్గర జరిగింది ఇది. తలుపు తియ్యగానే మన అధ్యక్షుడు "ముందు తమరు" అన్నాడు. పొరుగు దేశాధ్యక్షుడు "కాదు, ముందు తమరు" అన్నాడు. ఇద్దరూ మర్యాదస్థులే. ఇంతలో ఫొటోగ్రాఫర్లు ఇంకొక్కసారి చేతులు కలపమన్నారు. ఫొటోలో తెరిచిన తలుపు అడ్డం వస్తోందని ఉద్యోగి దాన్ని మూశాడు. ఆ చప్పుడుకు జీపువాడు కదిలాడు, జీపును చూసి మా బావ కదిలాడు. చేతులు కలుపుకున్న ఇద్దరు అధ్యక్షులూ కారు వెళ్లిపోతుంటే అలాగే చూస్తూ నిలబడ్డారు.

ఇంకే డ్రైవరైనా ఇట్టే పట్టేసేవాడు. అధ్యక్షుడు ఎక్కితే డ్రైవరు పక్కన అంగరక్షకుడొకడు కూర్చోవాలి. ఆ సీటు ఖాళీగా ఉందంటే వెనక సీటూ ఖాళీయే. మీసాలాయనైతే బ్రేకు మీద నిలబడేవాడు. కానీ మా బావ పక్కన ఇన్నేళ్లలో ఒక్క పురుగు కూర్చోలేదు. అలవాటైపోయిన ఖాళీ ఆయన కంటికి కనపడలేదు.

వైర్‌లెస్‌లో ఆపమని అరిచారు. బావకు వినపడలేదు. జీపువాళ్లకు వినపడింది గానీ, అధ్యక్షుణ్ణి ఎక్కించుకుని నడిరోడ్డు మీద ఆపమంటున్నారంటే ఇదేదో శత్రువుల పన్నాగమని ఇంకా వేగం పెంచారు.

ఆ దారి నా షాపు ముందు నుంచే. మా అక్క, పిన్నిగారు, వీధి జనం అంతా నిలబడి ఉన్నాం. రెండు కార్లు రావాల్సిన చోట ఒక్కటే వచ్చింది, మా బావది. డ్యూటీలో ఏనాడూ మా వైపు తిరగని మనిషి, స్టీరింగు మీద నుంచి బొటనవేలు ఒక్కటి లేపి, వెనక్కి చూపించాడు. ఆ మొహంలో వెలుగు చూస్తే నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

"ఎక్కారు. ఇద్దరూ ఎక్కారు," అని అందరికీ చెప్పేశాను. వీధంతా ఆ నల్లద్దాలకు చేతులూపింది. పిన్నిగారు కళ్లు ఒత్తుకుంది. అక్క కొంగు సర్దుకుని కాస్త నిటారుగా నిలబడింది, అంతే.

లోపల ఏం జరిగిందో ఆనక బావే చెప్పాడు. నీళ్ల సీసాలో నీళ్లు కదలకుండా నడిపాడట. డ్రైవరు నోరు విప్పకూడదన్నది అన్నిటికన్నా పెద్ద రూలు. అయినా మా వీధి దాటాక ఉండబట్టలేక గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఇప్పుడు దాటిన వీధి మాదే. అక్కడ నీళ్ల గొట్టం పగిలి ఏడాదైందయ్యా. ఆడవాళ్లు బిందెలతో చాలా దూరం పోతున్నారు. తమరు ఒక్క మాట అంటే..."

తెర వెనక నుంచి జవాబు రాలేదు.

"ఆలోచిస్తున్నారనుకున్నాన్రా," అన్నాడు నాతో. "పెద్దవాళ్లు వెంటనే మాటివ్వరు కదా."

అతిథి గృహం ముందు బ్యాండు మోగింది. వరసలో నిలబడ్డ అధికారులంతా పొట్టలు లోపలికి లాక్కున్నారు. ఒకాయన వంగి తలుపు తీశాడు. లోపల రెండు నీళ్ల సీసాలు, ఒక రుమాళ్ల పెట్టె. ఆయన వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి బ్యాండువాళ్లు పాట మొత్తం వాయించారు.

అధ్యక్షులిద్దరూ కాసేపటికి పోలీసు వ్యానులో, తుపాకులవాళ్ల మధ్య మోకాళ్లు ముడుచుకుని వచ్చారు. మర్నాడు పేపర్లు వాళ్ల నిరాడంబరతను తెగ మెచ్చుకున్నాయి.

బావ ఆ సాయంత్రమే గ్యారేజీ పెద్ద ముందు నిలబడ్డాడు. ఏ శిక్షయినా పడతానని మనసు రాయి చేసుకుని వెళ్లాడు.

"ఏం జరిగింది?" అన్నాడు పెద్ద.

"వాళ్లని మెట్ల మీద వదిలేసి వచ్చాను సార్."

"అలా జరగలేదు."

"జరిగింది సార్, నేనే కదా..."

"చూడవయ్యా. నీకు శిక్ష వెయ్యాలంటే ఏం జరిగిందో నేను పైకి చెప్పాలి. ఇద్దరు దేశాధ్యక్షుల్ని మనవాళ్లు మర్చిపోయి వచ్చారని ఏ నోటితో చెప్పను? మొదటి కారు చెడింది. వాళ్లు వ్యానులో వచ్చారు. నువ్వు ఎప్పటిలాగే ఖాళీ కారు నడిపావు. వెళ్లు."

తిట్టినా బాగుండేదని బావ ఆ తరవాత చాలాసార్లు అన్నాడు. జీతం కోసినా, సస్పెండు చేసినా, కనీసం ఒక పూట ఆయన కారుకూ అధ్యక్షుడికీ ఏదో సంబంధం ఉన్నట్టుండేది. ఏమీ లేదు. మిగిలిన రోజులు ఆ సీటుకే బ్రష్షు పట్టాడు. దండేసి పంపే రోజున మీసాలాయన మాత్రం దగ్గరికొచ్చి, "తుమ్మారా?" అన్నాడు. బావ ఈసారి టైరు చూడలేదు. మీసాలే చూశాడు. ఆయన నవ్వు ఆపుకుని పక్కకు తప్పుకున్నాడు.

వీధిలో ఇంకో రకం నరకం. ఇద్దరు అధ్యక్షుల్ని ఎక్కించుకెళ్లడం వాళ్లంతా కళ్లారా చూశారు, పైగా పక్కన నిలబడి వివరంగా చెప్పింది నేను. వ్యానులో వచ్చారన్న పేపరు ఎవరు నమ్ముతారు? బావ ఇల్లిల్లూ తిరిగి, "కారులో ఎవరూ లేరు, నేను వదిలేసి వచ్చాను," అని చెప్పుకున్నాడు. భద్రత కోసం అలా చెప్పమని ఉంటారని జనం కన్ను గీటారు.

గొట్టం బాగుపడలేదు. దాంతో పిన్నిగారు గుమ్మంలో నిలబడి మా అక్కకు వినపడేలా అనడం మొదలుపెట్టింది. "ఇద్దర్ని వెనక కూర్చోబెట్టుకుని ఒక్క మాట అనలేకపోయాడమ్మా. నోట్లో నాలుక లేని మనిషి."

లోపల బావ పళ్లు నూరుకునేవాడు. "అడిగానే. నిజంగా అడిగాను."

"ఎవర్నండీ?" అనేది అక్క, బిందె ఎత్తుకుంటూ.



ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందని ఇప్పుడు ఒక పాత కారు అద్దెకు తిప్పుతున్నాడు. మధ్యలో తెర లేదు. మొన్న షాపుకు సామాను కొనాలంటే నన్ను ఎక్కించుకున్నాడు. తలుపు వేసుకున్నాను. ఆయన కదల్లేదు. దిగి, చుట్టూ తిరిగొచ్చి, తలుపు తీసి నన్ను చూసి, మళ్లీ వేశాడు. సిగ్నలు దగ్గర మెడ తిప్పి చూశాడు. చూస్తుండగానే పచ్చలైటు పోయి మళ్లీ ఎర్రలైటు వచ్చింది.

"ఉన్నాను బావా. ఇంత మనిషిని ఎటుపోతాను?"

"వాళ్లూ అంతంత మనుషులేరా," అన్నాడు. "నువ్వు మాట్లాడుతూ ఉండు. ఏదో ఒకటి వాగు. ఆపకు."

పుట్టి ఇంతవరకు నన్ను వాగమన్నవాళ్లు లేరు. మొదలుపెట్టాను. మా తాత ఒంటిచేత్తో రైలాపిన సంగతి, నేను పంచరు వేస్తే ఆ సైకిలు తొక్కకుండానే ఊరు దాటిన సంగతి, అన్నీ చెప్పాను. బావ హాయిగా నడుపుతున్నాడు. ఫ్లైఓవరు దిగే మలుపులో ఊపిరి తీసుకోవడానికి ఒక్క క్షణం ఆగాను.

కారు ఆగిపోయింది. వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి.

"ఉన్నావా?" అన్నాడు బావ.