పెనుకొండ దాటిన నామాలు

వేయి పేర్లు గల స్వామికి ముందుగా నమస్కారం. పాలసముద్రంలో పడుకున్నా, పాసింజరు బండిలో కిటికీ పక్క సీటులో కూర్చున్నా ఆయనకు ఒకటే. పిలిచినవాళ్లు స్నానం ఎన్ని గంటలకు చేశారో, మడి కట్టారో లేదో అడగకుండా వస్తాడు. ఆయన దయవల్ల జరిగినదాన్ని జరిగినట్టే రాస్తున్నాను. ఇందులో నా తెలివి పెద్దగా లేదు. ఉన్నచోట అది పనిచేయలేదు.

నేను హిందూపురంలో ఉంటాను. పెనుకొండలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసేదాన్ని. మా ఆయనకు ఎరువుల అంగడి ఉంది. కూతురు ఇంటర్, కొడుకు ఏడో తరగతి. మా అత్తది లేపాక్షి. ఆమె మాతోనే ఉంటుంది.

మా నాయనది తలుపుల. పగలు సేద్యం, సాయంత్రం భజన గుడి. నాకు గొంతు ఉందని చిన్నప్పుడే నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి స్వామి వేయి నామాలు నేర్పించాడు. నేర్పినప్పుడు పెట్టిన నియమం ఒకటే. సంకల్పం చెప్పుకొని మొదలుపెడితే మంగళం పాడేదాకా లేవకూడదు, మధ్యలో మాట్లాడకూడదు. లేస్తే మళ్లీ మొదటినుంచి. మా నాయన జీవితమంతా ఆ నియమం తప్పలేదు. ఆయన పక్కన కాఫీ తెచ్చిపెట్టి, దూడను విప్పి, పొయ్యి మీద అన్నం చూసుకునేది మా అమ్మ.

పెళ్లయ్యాక నేను దేవుని గదిలో అదే నియమంతో కూర్చున్నాను. మొదటి నూరు నామాలు దాటేలోగా మా కొడుకు గుమ్మంలో నిలబడేవాడు. అమ్మ పూజలో ఉందని వాడికి తెలుసు కాబట్టి ఏమీ అడగడు. చేతిలో ఒక సాక్సు చూపిస్తాడు, అంతే. నేను లేచేదాన్ని. మర్నాడు మళ్లీ మొదటినుంచి. ఇలా కొన్నేళ్లు స్వామిని మొదటి నూరు పేర్లతోనే పిలిచాను. మిగతా తొమ్మిది వందలు నాకు మరపున పడుతున్నాయని ఒక ఏకాదశి రోజు తెలిసింది.

అప్పుడు బండిలో మొదలుపెట్టాను. హిందూపురం నుంచి పెనుకొండకు రోజూ పోయే పాసింజరులో ఎవరూ సాక్సు చూపించరు. మొదట నేనొక్కదాన్నే పెదవులు కదిలిస్తుంటే ఎదుటి సీటులో ఉన్న ఒక టీచరమ్మ చూసి, పైకి చెప్పమంది. ఆమె పెనుకొండలో ఒక బడికి హెడ్మాస్టరు, రిటైర్మెంటుకు దగ్గరగా ఉంది. తర్వాత ఒక నర్సు చేరింది. ఆ తర్వాత పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీలో పనిచేసే ఒక అమ్మాయి, చంటిబిడ్డను తల్లి దగ్గర వదిలి వచ్చేది, మా పక్కన కూర్చుని ముందు నిద్రపోయేది, నెల తిరిగేసరికి మాతోపాటు చెప్పడం నేర్చుకుంది. నేను ముందు చెప్పేదాన్ని, ముగ్గురూ అందుకునేవాళ్లు. చెప్పులు సీటు కిందికి తోసి, కాళ్లు పైకి పెట్టుకొని కూర్చునేవాళ్లం. శనక్కాయలమ్మే ఆయన కూడా మా దగ్గరికి వచ్చేసరికి అరవడం ఆపి, దాటాక మళ్లీ అందుకునేవాడు.

హిందూపురం విడిస్తే సంకల్పం. దారిలో మలుగూరు స్టేషను దగ్గర నామాలు మొదలు. పెనుకొండ కొండ కిటికీలోకి వచ్చేసరికి మంగళం. మూడేళ్లు ఈ లెక్క తప్పలేదు. రోజు మొత్తంలో నన్ను ఎవరూ ఏమీ అడగని సమయం అదొక్కటే. ఇది భక్తా, ఇంట్లోనుంచి తప్పించుకోవడమా అని ఒకసారి టీచరమ్మనే అడిగాను.

"కూచ్చున్యావు, నామం పలికినావు. ఇంగేం గావాల?" అంది.

ఈ స్థితిలో నాకు ప్రమోషన్ వచ్చింది. సూపరింటెండెంటుగా ధర్మవరానికి. ఇది రెండోసారి. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి వచ్చింది. పిల్లల చదువుల దృష్ట్యా వెళ్లలేనని రాసిచ్చి మానుకున్నాను. ఈసారి కాదంటే మళ్లీ నా వంతు రాకపోవచ్చని మా ఆఫీసరు చెప్పాడు. సోమవారం లోగా ఏదో ఒకటి రాసివ్వమన్నాడు.

ధర్మవరమంటే పెనుకొండ దాటి ఇంకో గంట పైన. తిరిగి ఇల్లు చేరేసరికి ఎనిమిది దాటుతుంది. మా ఆయన 'నీ ఇష్టం' అన్నాడు. మా ఇంట్లో నీ ఇష్టం అంటే రాత్రి అన్నం ఎవరు వండుతారో నువ్వే ఆలోచించుకో అని. మా అత్త మోకాలికి నూనె రాసుకుంటూ కూర్చుంది. మళ్లీ అదే మాట రాసిచ్చేద్దామని నేను మనసులో తీర్మానించుకున్నాను. మాటలు కూడా వెతుక్కోనక్కరలేదు, పాత కాగితం నకలు ఉంది.

సరిగ్గా ఆ వారమే మా పాసింజరు పోయి దాని స్థానంలో కొత్త బండి వచ్చింది. నున్నగా ఉంది, చల్లగా ఉంది, త్వరగా పోతుంది. ఊరంతా సంతోషించింది. మొదటి రోజు మేము కళ్లు తెరిచేసరికి పెనుకొండ స్టేషను. ఇంకా రెండు వందల నామాలు ఉన్నాయి. ఆ రోజు ప్లాట్‌ఫారం మీద నిలబడి ముగించాం. ఒకాయన మాకు చిల్లర వేయబోయాడు.

మర్నాడు వేగం పెంచుదామన్నాను. పెంచాం. టీచరమ్మ సగంలో చెయ్యెత్తి, మంగళం అయ్యాక, ఇట్ల పిలిస్తే స్వామికి తనను పిలిచినారో తరిమినారో తెలియదని చెప్పింది. బండి కదలకముందే స్టేషనులో మొదలుపెడదామని నర్సు అంది. దానికి నేను పావుగంట ముందు ఇల్లు విడవాలి. ఇంట్లో ఆ పావుగంటలో రెండు టిఫిన్ డబ్బాలు, ఒక జడ, మా ఆయన దోసెలు ఉన్నాయి. సగం పొద్దున, సగం సాయంత్రం చెప్పుకుందామని ఫ్యాక్టరీ అమ్మాయి అడిగింది. స్వామిని కంతుల మీద పిలవరాదని టీచరమ్మ తీర్పు చెప్పింది. తెలివి పనిచేయలేదని పైన రాసింది ఈ వారం గురించే.

గురువారం వచ్చింది. ఆ రోజు కిటికీ సీటు కోసం ఎవరో ఇద్దరు వాదించుకుంటే సర్దేసరికి మలుగూరు దాటిపోయింది. అయినా సంకల్పం చెప్పుకున్నాం. చెప్పుకున్నాక ఇక మా చేతిలో ఏముంది? బండి పెనుకొండలో ఆగింది. నేను నామం చెబుతూనే టీచరమ్మ వైపు చూశాను. ఆమె కళ్లు మూసుకొని ఉంది. నర్సు నా వైపు చూసింది. ఫ్యాక్టరీ అమ్మాయి మా ముగ్గురినీ చూసింది. మాట్లాడకూడదు, లేవకూడదు. నేను ఆపితే వాళ్లు లేచేవాళ్లు, వాళ్లు లేస్తే నేను ఆపేదాన్ని. ఎవరూ ముందు చేయలేదు. తలుపులు మూసుకున్నాయి. కొండ మెల్లగా వెనక్కి పోయింది.

అంత నింపాదిగా, అంత స్పష్టంగా మేము ఎన్నడూ చెప్పలేదు. దిగే తొందర లేదు కదా. ఫలం చెప్పే శ్లోకాలు కూడా వదలకుండా చదివి మంగళం పాడాం. అప్పుడు టికెట్లు చూసే ఆయన వచ్చాడు. ఆయన చాలాసేపటినుంచి అక్కడే నిలబడి ఉన్నాడని తర్వాత తెలిసింది.

"ఏమ్మా, పెనుకొండ పాసులు పెట్టుకొని యాడికి పోతాండారు?"

"నామాలు అయిపోలేదప్పా," అంది టీచరమ్మ.

ఆయన టికెట్ల పుస్తకం తెరిచాడు.

"ఇప్పుడు అయిపోయినాయా?"

"అయిపోయినాయి."

"అట్లయితే టికెట్టు రాస్తా," అని రాశాడు. జరిమానా కూడా రాశాడు. రాసి ఇచ్చి, ప్రసాదం ఉందా అని అడిగాడు. నర్సు అరటిపండు ఇచ్చింది.

ధర్మవరంలో దిగి అందరం ఫోన్లు చేశాం. టీచరమ్మ బడిలో ప్రార్థన ఆమె లేకుండానే జరిగిపోయింది. నర్సు బదులు వేరే ఆమె డ్యూటీ ఎక్కి, సాయంత్రం దాకా ఆ సంగతి గుర్తు చేస్తూనే ఉందట. ఫ్యాక్టరీ అమ్మాయికి ఒక పూట జీతం పోయింది. ఆమె ఫోను సంచిలో వేసుకొని, పోనీలే అక్కా, ధర్మవరం ఎప్పుడూ చూడలేదు అంది. స్టేషను చుట్టూ చూసింది. చూడటానికి ఏమీ లేదు. ముగ్గురూ స్టేషను బయట బత్తలపల్లి బస్సులు ఆగేచోట టీ తాగుతామన్నారు. తిరుగు బండికి సమయం ఉంది. నేను ఊరికే నాకు ప్రమోషన్ వచ్చిన ఆ కార్యాలయం యాడుందో చూసి వస్తానని నడిచాను.

బయటినుంచి చూసి వచ్చేద్దామనే పోయాను. అటెండరు నా మెడలో కార్డు చూసి లోపలికి తీసుకుపోయాడు. ఉత్తర్వులు వచ్చిన మూడో రోజే చేరడానికి వచ్చానని వాళ్లు అనుకున్నారు. ఇంత ఉత్సాహం ఈ ఆఫీసులో చూడలేదని ఒకాయన అన్నాడు. కుర్చీ తుడిచి చూపించారు. టీ తెప్పించారు. దిగాల్సిన స్టేషను దాటిపోయి వచ్చానని చెప్పడానికి రెండుసార్లు నోరు తెరిచాను. చెప్పలేదు. కుర్చీలో మాత్రం కూర్చోలేదు. కూర్చుంటే లేవడం కష్టమని అనిపించింది.

సాయంత్రం ఇంట్లో జరిగింది జరిగినట్టు చెప్పాను. మా ఆయన బండి దిగడం కూడా రాదా అన్నట్టు చూశాడు. మా అత్త మాత్రం ఒక్కటే అడిగింది.

"మంగళం గూడా చెప్పినారా?"

"చెప్పినాం అత్తా."

"ఐతే సరే," అని మళ్లీ మోకాలి మీదికి పోయింది.

అన్నాలయ్యాక కాగితం తీసి రాయడానికి కూర్చున్నాను. పిల్లల చదువుల దృష్ట్యా అన్నంతవరకు రాశాను. కూతురు నీళ్ల చెంబు కోసం వచ్చి, వెనకనుంచి చదివింది.

"అమ్మా, పోయిన తూరి గూడా మా పేరే రాసినావు కదా?"

అవునన్నాను.

"ఈ తూరి మా పేరు రాయొద్దు. పోకుంటే పోకు. నీకు ఇష్టం లేదని రాయి. రేపు నేను ఫెయిలైతే 'మీ కోసం నేను పోలేదు' అంటావు, పాసైతే 'నేను పోలేదు కాబట్టే పాసైనావు' అంటావు. రెండూ నాకొద్దు."

కోపంగా అనలేదు. నీళ్లు తాగి పోయింది. నేను ఆ మాట కొట్టేసి, ఇష్టం లేక అని రాద్దామని చూశాను. అబద్ధం రాయడానికి చేయి రాలేదు. పొద్దున ఆ తుడిచిన కుర్చీ ముందు నిలబడి టీ తాగిన మనిషిని నేనే. అత్త ఆరోగ్యం అని రాద్దామని అటు చూశాను.

"నా మోకాలు పేరు గూడా రాయాకు," అంది మా అత్త. "అది నువ్వుండినా నొస్తాది, పోయినా నొస్తాది. రాత్రి అన్నం నేను పెడతా. పొద్దున దోసెలు వాడు పోస్తాడు. ఎరువులు తూచేవానికి పిండి తూచేది రాదా?"

మా ఆయన టీవీ చూస్తున్నాడు. అందులో ప్రకటనలు వస్తున్నాయి. చాలా శ్రద్ధగా చూశాడు. అవి అయ్యాక, "పెనం యాడుంటాది?" అని అడిగాడు. పదిహేడేళ్ల కాపురంలో మా ఇంట్లో పెనం ఉండే చోటు అడిగింది అదే మొదలు. కాగితం చింపి, చేరతానని కొత్తది రాశాను.

ఇప్పుడు ధర్మవరంలో పనిచేస్తున్నాను. అంతా సుఖమని రాస్తే స్వామి ఒప్పుకోడు. మా ఆయన దోసెలు ఒక వైపు నల్లగా, ఒక వైపు తెల్లగా వస్తాయి. కొడుకు డబ్బాలో వారంలో మూడు రోజులు పెరుగన్నం. నేను ఇంటికి వచ్చేసరికి వాడు ఒక్కోసారి నిద్రపోయి ఉంటాడు. కూతురు తన జడ తానే వేసుకుంటుంది, కొంచెం వంకరగా. నేను సరిచేయబోతే తల పక్కకు తీసుకుంటుంది. అత్త మోకాలు ఆమె చెప్పినట్టే ఉంది.

బండి మాత్రం అంతే వేగం. పెనుకొండలో ఇంకా నామాలు మిగులుతూనే ఉన్నాయి. ముగ్గురూ దిగాలి, నేను దిగనక్కరలేదు. దీని మీద టీచరమ్మ రెండు రోజులు ఆలోచించి ఒక దారి చెప్పింది. సంకల్పం నలుగురి పేర్ల మీద చెప్పుకుంటాం. పెనుకొండ రాగానే వాళ్లు మాట్లాడకుండా లేచి, చెప్పులు చేత పట్టుకొని దిగిపోతారు. నేను ఆపకూడదు. ఒక్క గొంతు ఆగకుండా ఉన్నంతవరకు పారాయణం తెగినట్టు కాదు, మిగిలినవి నలుగురికీ చెందుతాయి. ఇది శాస్త్రంలో యాడుందో నేను అడగలేదు. దిగేటప్పుడు ఫ్యాక్టరీ అమ్మాయి నా మోకాలి మీద చేయి వేసి పోతుంది.

వాళ్లు దిగాక ముందు చెప్పేదాన్ని నేనే, అందుకునేవాళ్లు లేరు. మొదట్లో నా గొంతు నాకే కొత్తగా వినిపించి రెండు మూడు చోట్ల తడబడ్డాను. ఇప్పుడు మెల్లగా చెబుతాను. ముందు టీచరమ్మ వంతు, తర్వాత నర్సు వంతు, ఆ అమ్మాయి వంతు, ఆమె బిడ్డ వంతు, చివర మా ఇంటి వంతు. ఇది చదివినవాళ్లు పొద్దున పొయ్యి దగ్గర ఉన్నా, బస్సులో నిలబడి ఉన్నా, ఆఫీసు మెట్లు ఎక్కుతున్నా, మీకు వచ్చిన నామం ఒక్కటి అనండి. స్వామికి ఏ పేరైనా ఒకటే. బండి పెనుకొండ దాటాక నాతో కలిసి చెప్పండి: ఇల్లు విడిచి పనికి పోయిన తల్లులను, వాళ్లు వచ్చేదాకా ఇల్లు చూసుకునేవాళ్లను కాపాడు స్వామీ, సాయంత్రం అందరినీ ఇల్లు చేర్చు.