పాలపిట్టకు పది దండాలు

ఆ రోజుల్లో పర్మనెంటు కాని పంతులుకు పిల్లనివ్వడం మాట అటుంచి, అద్దెకు గది ఇవ్వడానికి కూడా జనం ఆలోచించేవారు. హైదరాబాదు స్టేటు పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నేను ఆదిలాబాద్‌లో ఒక బడిలో అలాంటి టెంపరరీ పంతుల్ని. రెండేళ్లయినా నన్ను పర్మనెంటు చేసే కాయితం హెడ్మాస్టరు గారి సంతకం కోసం ఆయన మేజా సొరుగులో పడి ఉండేది. ఆయనకు పిట్టల పిచ్చి. మెడలో ఎప్పుడూ దుర్బీను వేలాడేది కాబట్టి పిల్లలు ఆయన్ని దుర్బీను సారు అనేవాళ్లు (మేమూ అనేవాళ్లం, కాకపోతే తలుపేసుకుని). ఊళ్లో పక్షుల సంఘం పెట్టింది ఆయనే. చేరకపోతే సంతకం ఇంకెంత ఆలస్యమవుతుందోనని అందరికంటే ముందు చేరింది నేనే. పిచ్చుకకూ గోరింకకూ తేడా తెలియని నన్ను ఆయన కార్యదర్శిని చేశారు.

వానాకాలం చెరువు కట్ట మీద, చలికాలం బాసర గోదావరి ఒడ్డున, ఎండాకాలం అడవి అంచున మా నడకలు. నెలకోసారి బడి వరండాలో సారు ఉపన్యాసం. నడకలో మాట్లాడకూడదు, తెల్లబట్టలు కట్టకూడదు, అన్నిటికంటే ముఖ్యంగా పిట్ట కనబడితే దాని మీంచి చూపు తిప్పకూడదు. చూసినదాన్ని రిజిస్టరులో రాయడం నా పని. (బాసరలో అరగంట కన్నార్పకుండా చూసి నేను ఎక్కించిన నల్లబాతు, చివరికి నీళ్లలో కొట్టుకొచ్చిన కుండ అని తేలింది. ఆ తర్వాత నా మాటకు సంఘంలో విలువ లేకుండా పోయింది.)

అంతటి సైన్సు మనిషికీ ఒక బలహీనత ఉండేది. దసరా సాయంత్రం ఊరు దాటి పోయి, పాలపిట్టను చూసి దండం పెట్టుకుంటే ఏడాదంతా మంచి జరుగుతుందని మా వైపు నమ్మకం. కిందటి దసరాకు అది సారుకు కనబడలేదు. ఆ ఏడాదే ఆయన కాలు విరిగింది, బర్రె చచ్చింది, చెప్పాపెట్టకుండా ఇన్‌స్పెక్టరు వచ్చాడు. దాంతో నన్ను పిలిచి, "ఏమయ్యా, నీ కాయితం నేను కావాలని ఆపలే. గని గీ పాడు ఏడాదిల దేని మీద సంతకం జేసినా కలిసిరాదు. దసరా నాడు మన సంఘానికి పిట్టను జూపియ్యి, తెల్లారి పొద్దుగాల్లనే సంతకం జేస్త" అన్నారు. మరి సైన్సు ఎటు పోయింది సార్ అని అడిగే ధైర్యం నాకెక్కడిది?

ఇక చూడండి నా పాట్లు. పది రోజులు బడి వదలగానే జిన్నింగు మిల్లు వెనక పత్తి చేన్ల గట్ల మీద తిరిగాను. అక్కడ ఒక పాలపిట్ట రోజూ ఒకే వేళకు వచ్చి టెలిగ్రాఫు తీగ మీద కూర్చునేది. "అమ్మా తల్లీ, దసరా నాడు మాత్రం ఎటూ పోకు" అని బతిమాలేవాణ్ని. నా అవతారం చూసి బట్టల దుకాణం చాచా జాలిపడేవాడు. డాక్టరు నడవమన్నాడని మా సంఘంలో చేరిన పెద్దమనిషి ఆయన. "పంతులు బేటా, జర ఇంత తిను. పిట్టకంటె ముందుగాల నువ్వే ఎగిరిపోయేటట్టున్నవ్" అనేవాడు.

దసరా వచ్చింది. పదకొండు మందిమి, మట్టిరంగు బట్టలు కట్టుకుని (పండగ పూట!) గట్టు వెనక నక్కాం. సరిగ్గా ఆ వేళకు దూరం నుంచి ఏదో ఎగిరి రావడం చూశాను. ఇంక నా నోరు ఆగిందా? అది వాలకముందే, "సార్! అగో, పాలపిట్ట!" అని అరిచాను. సారు దుర్బీను వదిలేసి, చేతులు జోడించి, కళ్లు గట్టిగా మూసుకున్నారు. ఆయన పక్కన డ్రాయింగు మాస్టరూ అంతే, మిగతావాళ్లూ అంతే. ఆ మాట వినగానే చేతులు జోడించి కళ్లు మూసుకోవాలని మా అవ్వలు చిన్నప్పుడు నేర్పిన అలవాటు, నియమాలు చెబితే ఊరుకుంటుందా? నేనూ మూసుకుని "కాయితం, కాయితం" అని మొక్కుకున్నాను. కళ్లు తెరిచేసరికి తీగ ఖాళీగా ఊగుతోంది.

"ఎవరన్న జూసిండ్రా?" అన్నారు సారు బిక్కమొహంతో.

"నేను జూసిన సార్! నీలంగ నిగనిగలాడుకుంట కూసున్నది" అన్నాడు డ్రాయింగు మాస్టరు.

"కూసున్నప్పుడు నీలం గనవడదయ్యా! నెల కింద నేను జెప్పిన ఉపన్యాసం ఎటువాయె? నువ్వు జెప్పు, కార్యదర్శీ."

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ పెద్దాయన కళ్లలోని ఆశ చూసి చెప్పలేకపోయాను. "వాలకముందే దండం వెట్టుకున్న సార్. సూడలే."

"అయితె మళ్ల కుండనే అయ్యుంటది" అని నిట్టూర్చారు. ఇంకో ఏడాది టెంపరరీ!

అప్పుడు చాచా గొంతు సవరించుకున్నాడు. "ఫికర్ జెయ్యకుండ్రి సాబ్. మీరంత కండ్లు మూసిండ్రు, నాకు గా అలవాటు లేకపాయె. వాలినప్పుడు ఉత్త మట్టి రంగు. గిదేం పిట్టరా అనుకున్న. లేసి పోయేటప్పుడు రెక్కలు ఇప్పింది సూడుండ్రి, గసుంటి నీలం తాను నా దుకాణంల ఒక్కటి లేదు! మీ అందరి తరఫున నేనే జూసిన."

సారు ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వారు. సంఘం నియమం పాటించింది డాక్టరు పంపిన మనిషి ఒక్కడే! రిజిస్టరు నా చేతిలోంచి లాక్కుని స్వయంగా రాశారు: "చూసినవారు ఒకరు. దండం పెట్టినవారు పది మంది. కుండ కాదు." మర్నాడు పొద్దున్నే నా కాయితం మీద సంతకం పడింది.

ఆ ఉద్యోగం చేసి, రిటైరై, పింఛను తింటున్నాను. ఇప్పటికీ ప్రతి దసరాకు, ఈసారి కళ్లు మూస్తే ఒట్టు అనుకుని బయల్దేరతాను. ఎవరో "అగో" అంటారు. అంతే, ముసలి చేతులు వాటంతటవే కలుస్తాయి, కళ్లు మూతపడతాయి. తెరిచేసరికి తీగ ఊగుతూ ఉంటుంది. నా తరఫున చూడ్డానికి ఇప్పుడు చాచా లేడు. అయినా పక్కకు తిరిగి, "కనవడ్డదా చాచా?" అని అడిగిగానీ ఇంటికి రాను.