గుమ్మం ముందుకు రాని కబురు

ఒక వెబ్‌సైటు విషయంలో మాటా మాటా పెరిగి, ఎర్రన్న మా కాలేజీ కంప్యూటర్ గదిలో సొంత మేనల్లుడి పళ్ళు రెండు రాలగొట్టాడు. ఆదివారం పొద్దున్న పదకొండింటికి, పదిమంది చూస్తుండగా. కీబోర్డు మీద పడ్డ రక్తం తుడిచింది నేనే. ఈ సంగతి విన్నవాళ్ళందరూ ముందు నవ్వుతారు. నవ్వితే నాకు ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే ఆ గొడవ మూలాన ఒక ఇంట్లో శవం లేచింది.

నా పేరు ధనలక్ష్మి. నరసన్నపేటలో కంప్యూటర్ పాఠాలు చెబుతాను. మాది వరి పండించే ఇల్లు. సముద్రం గురించి నాకు తెలిసిందల్లా ఎర్రన్న చెప్పిందే.

ఎర్రన్నది భావనపాడు. చదువు ఏడో తరగతి. గుజరాత్ బోట్లలో పన్నెండేళ్ళు చేపల వేట చేశాడు. జబ్బుపడ్డ తోటివాడికి తాగడానికి నీళ్ళివ్వనన్న డ్రైవర్ని డెక్కు మీదే చితకబాది, పని పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. తర్వాత మా పేటలో బోట్ల జీపీఎస్ సెట్లు బాగుచేసే కొట్టు పెట్టాడు. ముక్కు మీద కోపం, చేతిలో టెస్టరు, అదీ మనిషి. ఇంటర్నెట్‌లో చూసి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాడు. ఎక్కడైనా ఆగిపోతే నా దగ్గరికి వచ్చి, “సెల్లెమ్మా, ఇది సూడు, ఇక్కడికొచ్చి సచ్చిపోతన్నాది” అనేవాడు.

అలా తయారైందే రాళ్ళపటం. నీళ్ళ కింద రాళ్ళు ఎక్కడున్నాయో, వల ఎక్కడ చిరుగుతుందో, పడవ ఎక్కడ పగులుతుందో చూపించే యాప్. ముసలి వేటగాళ్ళను ఒక్కొక్కరినే అడిగి ఒక్కో రాయీ ఎక్కించాడు. కోడంతా బాహాటంగా పెట్టాడు; ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. ఒడిశా నుంచీ కేరళ నుంచీ కూడా మనుషులు చేరారు. మాటలన్నీ మెయిలింగ్ లిస్టులో సాగేవి. ఒకరు రాసిన ఉత్తరం నూట నలభైమంది ఫోన్లలో పడేది. అందులో సగంమంది పడవలవాళ్ళు. వాళ్ళు రాసేది తక్కువే గానీ, ఒడ్డు దాటేలోగా వచ్చినవన్నీ చదువుకునేవాళ్ళు.

మేనల్లుడు ఉమాశంకర్ విశాఖలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. కోడ్‌లో సగం అతని చేతిదే. ఆ ఆదివారం మా కంప్యూటర్ గదిలో కలిసినప్పుడు, లిస్టు మూసేసి ఫోరం అనే వెబ్‌సైటు పెడదామన్నాడు. ఒక్కో సంగతికీ ఒక్కో పేజీ ఉంటుంది, ఫొటోలు పెట్టొచ్చు, అడిగిందే పదిసార్లు అడగక్కర్లేదు, కొత్తవాళ్ళు పాత మాటలు వెతుక్కోవచ్చు అన్నాడు. అన్నీ సబబైన మాటలే. మేమంతా తలలూపాం.

ఎర్రన్న ఒప్పుకోలేదు. “మా పల్లిలో పెద్దలు ఏ మాట అనుకున్నా సాటేటోడు గుమ్మం గుమ్మానికీ ఎల్లి సెప్పాల. గుమ్మం ముందు సెప్పని మాట ఆ ఇంటికి సెల్లదు. నాకు సెప్పనేదంటే పెద్దలైనా తలొంచుకోవాల. నీ ఫోరానికి మనిసే నడిసి రావాల. నడిసంద్రంలో ఉన్నోడు ఎలాగొస్తాడ్రా?”

“కావాలంటే ఆడే వస్తాడు మావా. అన్నం కలిపి నోట్లో పెట్టాలేటి? రాని ఎదవలు పోతే పోనీ” అన్నాడు ఉమాశంకర్.

ఆ ‘పోతే పోనీ’ నోట్లో ఉండగానే పిడికిలి పడింది. కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు ఉమాశంకర్. ఎర్రన్న మీదకెక్కి ఇంకో రెండు వేశాడు. నలుగురం పట్టుకుంటే గానీ ఊడిరాలేదు.

కొట్టినవాడి మాట ఎవడు వింటాడు? అప్పటికప్పుడు చేతులెత్తమంటే అందరం ఫోరానికే ఎత్తాం. నేనూ ఎత్తాను. మా పొలాలవాళ్ళకి ఏ కబురు కావాలన్నా పేటకొచ్చి కనుక్కోవడమే అలవాటు. అవసరమైనవాడు రాడా అనుకున్నాను. వారం తిరక్కుండా పల్లె పెద్దలు ఎర్రన్న చేత అందరి ముందూ మేనల్లుడి కాళ్ళు పట్టించారు. ఆ మనిషి పట్టుకున్నాడు కూడా. “ఎట్టుకోండి మీ ఫోరం. ఇకమీదట నా నోరు లెగదు” అన్నాడు. ఫోరం చిరునామా పంపించి లిస్టు మూసేశారు. నూట నలభైమందిలో ముప్ఫై ఎనిమిదిమంది చేరారు. వాళ్ళలో పడవలవాళ్ళు నలుగురు. నిదానంగా వస్తారులే అన్నాను నేను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

నెల తర్వాత ఉమాశంకర్ కొత్త వెర్షన్ తెచ్చాడు. రాయి ఉన్న చోటుని పాత యాప్ అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో, నిమిషాల్లో చూపేది, నిమిషం తర్వాత చుక్కపెట్టి దాంట్లో నూరో వంతులు. కొత్తది చుక్క తీసేసి, నిమిషానికి అరవై లెక్కన సెకండ్లు చూపిస్తుంది. పడవల్లో ఉన్నవి మాత్రం చుక్క లెక్కే తెలిసిన పాత జీపీఎస్ సెట్లు. ఫోన్‌లో కనబడ్డ అంకెలు సెట్‌లో కొట్టుకుని బయల్దేరడం వేటగాళ్ళ అలవాటు. లెక్క మార్చకుండా కొడితే రాయి ఉన్నచోటు అర కిలోమీటరు పక్కకి జరుగుతుంది. ఈ సంగతి ఉమాశంకర్ దాచలేదు. ఫోరంలో అన్నిటికన్నా పైన, ఎర్ర అక్షరాలతో పెట్టాడు. నేను చదివి, బాగుందని గుర్తు కూడా నొక్కాను. యాప్ మటుకు ఎవరూ అడక్కుండానే అందరి ఫోన్లలోనూ మారిపోయింది.

పన్నెండో రోజు తెల్లవారాక, లిస్టులో ఉండి ఫోరంలో చేరని భావనపాడు నూకయ్య పడవ రాతి మీదకి వెళ్ళింది. సెట్ ప్రకారం రాయి ఇంకా అర కిలోమీటరు దూరం. అడుగు పగిలి, పడవ ఒక్క కెరటానికి బోర్లా పడింది. తమ్ముడు భాస్కర్ ఈదుకుని బయటపడ్డాడు. నూకయ్య కాలు వల తాడులో చిక్కుకుంది. కెరటం వచ్చినప్పుడల్లా మనిషిని రాతికేసి కొట్టింది. తాడు కోసి తీసేసరికి మొహం మొహంలా లేదు. భార్య గున్నమ్మ కాలి వేళ్ళు చూసి గుర్తుపట్టింది.

సంగతి తెలిసి నేను భావనపాడు ఒడ్డుకి వెళ్ళేసరికి, విశాఖ నుంచి ఉమాశంకర్ కూడా పరుగెత్తుకొచ్చాడు. రాకుండా ఉండాల్సింది. ఇసకలో అతన్ని చూడగానే భాస్కర్ తెడ్డు అందుకున్నాడు. మొదటి దెబ్బకి మోచేయి విరిగిన చప్పుడు నాకు వినబడింది. “రాసినాను బావా, ముందే రాసినాను” అని అరుస్తున్నాడు ఉమాశంకర్. “ఎక్కడ రాసినావురా! మా గుమ్మం ముందు సెప్పినావా?” అంటూ భాస్కర్ మళ్ళీ ఎత్తాడు. జనం చుట్టూ నిలబడ్డారు గానీ ఒక్కడూ ఆపలేదు.

ఎర్రన్న జనాన్ని తోసుకుని వచ్చి మేనల్లుడి మీద పడుకున్నాడు. తెడ్డు అతని భుజం మీద పడింది. ఇంకోటి వీపు మీద. ఆ మనిషి చెయ్యెత్తలేదు.

“నన్ను కొట్టు బాస్కరా. ఈడు రాసినాడు. నాను సదివినాను. ఇది పడవలోలకి తెలీదని నాకు తెలుసు. లిస్టు తాళం నా కాడే ఉన్నాది. తెరిసి పంపుదామని ఫోను తీసినాను. మల్లీ నాను నోరెత్తితే రౌడీ ఎదవంటారని సిగ్గేసి జేబులో ఎట్టీసినాను.”

భాస్కర్ చేతిలో తెడ్డు ఆగింది. గున్నమ్మ శవం దగ్గర్నుంచి లేచి వచ్చింది. ఎర్రన్నని జుట్టు పట్టి పైకి లేపి, చెంప మీద ఈడ్చి కొట్టింది. ఒకటి కాదు, చెయ్యి అలిసేదాకా.

“ఆ రోజు మాకోసం మేనల్లుడి పళ్ళు రాలగొట్టినావని ఊరంతా సెప్పుకున్నారు. మాకో మొగోడున్నాడనుకున్నాను” అంది. “నా మొగుడు సచ్చే ఏళకి సిగ్గొచ్చీసిందేట్రా నీకు?”

 కొట్టడం తప్పని ఆ రోజు అందరం కలిసి ఎర్రన్నకి చెప్పాం, అది తప్పే. ఆ తప్పుతో పాటు అతని మాటని కూడా పాతిపెట్టాం, అతను కూడా మాతో కలిసి పాతిపెట్టాడు.

సముద్రం మీద ఇంకా తొమ్మిది పడవలున్నాయని ఎవరో అన్నారు. వాటిలో కొన్నయినా అదే రాతి వైపు తిరిగి రావాలి. ఉమాశంకర్ చెయ్యి వేలాడుతోంది. ఎర్రన్నకి కుడిభుజం లేవడం లేదు. తన ఫోను నా చేతికిచ్చి, పెదాల మీది రక్తం ఉమ్మి, లిస్టు పాస్‌వర్డు ఒక్కో అక్షరమే చెప్పాడు. ఆ ఇసకలోనే కూర్చుని నేను రాశాను: అంకెలు మారాయి, లెక్క మార్చకుండా సెట్‌లో కొట్టొద్దు, మీ వాళ్ళు సముద్రం మీదుంటే సిగ్నల్ అందగానే చెప్పండి. నూట నలభైమందికీ పంపాను. నూకయ్య పేరు తీసెయ్యాలని గుర్తురాలేదు, అతనికీ వెళ్ళింది.

మొత్తం రాసి పంపడానికి రెండు నిమిషాలు కూడా పట్టలేదు.