పడమటి అద్దాల గోడ

మా వీధి తాపీమేస్త్రి రోజూ తెల్లవారగానే దేవుడికి దణ్ణం పెట్టుకుని, వాకిట్లోకి వచ్చి, చిటికెడు మెత్తటి మట్టి పైకి ఎగరేసేవాడు. అది ఎటు పోతే గాలి అటు. నలభై ఏళ్లుగా ఇదే వరస. అందుకే ఆయనకు గాలి మేస్త్రి అని పేరు పెట్టారు. పెట్టినవాళ్లంతా ఆయన పెట్టిన కిటికీల కిందే హాయిగా నిద్రపోయేవారు, అది వేరే సంగతి.

ఆయన చిన్నల్లుడు ఇంజనీరు. చదువుకున్నవారు కనుక మట్టి ఎగరేయరు. కొత్త ప్రసూతి ఆసుపత్రికి ప్లాను గీసింది వారే. మంచు కురిసే ఏదో దేశపు పుస్తకంలో బొమ్మ చూసి, పడమటి గోడంతా అద్దం పెట్టించారు. అక్కడివాళ్లు పాపం ఎండకు మొహం వాచినవాళ్లు. మనకేమో ఎండ పిలవకుండానే వచ్చి తిష్ఠ వేసే చుట్టం. వారి భార్య, అంటే మేస్త్రి చిన్నకూతురు, నడి వేసవిలో ఆ ఆసుపత్రిలోనే పురుడు పోసుకోవాలి.

"అల్లుడుగారూ, ఈ గోడకు చూరు లేదేమండీ?" కట్టడం చూడ్డానికి వెళ్లిన మేస్త్రి అడిగాడు.

"చూరు పెడితే పాత కొంపలా ఉంటుంది మామయ్యా. వెలుతురు రావాలి."

"వెలుతురు ఒక్కతే రాదు కదండీ, వేడిని చంకనేసుకుని వస్తుంది."

"ఏసీలున్నాయిగా!"

"కరెంటు పోతేనో?"

"మీ చాదస్తం మీది!"

అల్లుడికి ఎదురు చెప్పడం ఆయనకు చేతకాదు. వెళ్లి కూలీల నీళ్లకుండను నీడకు జరిపి, తడి గోనెపట్టా చుట్టాడు. ఆ కట్టడం మొత్తంలో ఎండ సంగతి ఆలోచించి అమర్చింది ఆ కుండ ఒక్కటే.

ప్రారంభోత్సవం పొద్దున్నే జరిగింది. వచ్చినవాళ్లంతా ఆహా ఓహో అన్నారు. అనరూ మరి, సూర్యుడింకా అటు తిరగలేదుగా!

ఇంజనీరుగారి భార్య కదా అని నర్సమ్మ ప్రేమగా అద్దం పక్క మంచమే రాసిపెట్టింది. మేస్త్రి మధ్యాహ్నం మూడింటికి వెళ్లి ఆ మంచం ఇనుపకమ్మీ ముట్టుకున్నాడు. చెయ్యి చురుక్కుమంది. తిన్నగా అల్లుడి దగ్గరికి వెళ్లాడు.

"అల్లుడుగారూ, నాకో సాయం చేసిపెట్టాలి. రేపు భోంచేశాక ఆ మంచం మీద కాసేపు నడుం వాల్చండి. రెండింటి నుంచి అయిదింటి దాకా, ఏసీ లేకుండా. లేచాక 'మీ అమ్మాయిని ఇక్కడే పడుకోబెడదాం మామయ్యా' అన్నారా, దేవుడి మీద ఒట్టు, మళ్లీ మట్టి ఎగరేయను. కాదన్నారా, చూరు కట్టడానికి తాపీ పట్టుకుని బయటే కూర్చుని ఉంటాను."